రియాక్టరుకు లేని అనుమానం పిల్లల మీదెందుకు?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో అమెరికా కంపెనీ రియాక్టర్లు పెట్టాలని రెండు ప్రభుత్వాలూ ఏళ్ల తరబడి మాట్లాడుకుంటున్నాయి. ఒక్కొక్కటి 1208 మెగావాట్లు, మొత్తం ఆరు. మొదట జనరల్ ఎలక్ట్రిక్ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. అణువిద్యుత్తు కావాలా వద్దా అన్న వాదన జోలికి ఇవాళ పోను. నేను అడిగేది వేరే. అణు రియాక్టర్లనే మన తీరంలో దింపడానికి మన దేశాన్ని నమ్మినవాళ్లు, అదే తీరం నుంచి మెటలర్జీలోనో న్యూక్లియర్ ఇంజనీరింగ్‌లోనో పీజీ చదువుకోవడానికి వచ్చే కుర్రాణ్ని ఎందుకు నమ్మరు?

పిల్లల్ని పై చదువులకు పంపిన ఇళ్లకు ఈ గొడవ కొత్తది కాదు. అమెరికా వీసా ఇంటర్వ్యూలో, ఇంకా పరిశీలించాలంటూ వీసా ఆపి చేతిలో పెట్టే 221జీ స్లిప్ పేరు చెబితేనే టెన్షన్. ఆస్ట్రేలియా కూడా కీలక టెక్నాలజీ పేరుతో అదే దారి పట్టింది. బ్రిటన్‌లోనైతే దీనికోసం ప్రత్యేకంగా ఏటాస్ అనే అనుమతి పత్రమే ఉంది. అక్కడి విదేశాంగ శాఖ 2007 నవంబరులో దాన్ని మొదలుపెట్టింది. క్షిపణులకో అణ్వాయుధాలకో పనికొచ్చే విద్య బయటికి పోకూడదన్నది ఉద్దేశం. 2021 మే నుంచి పరిశోధకులకూ వర్తింపజేశారు. మెటీరియల్స్, ఏరోస్పేస్, కెమికల్ ఇంజనీరింగ్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్‌లో కొన్ని పీజీ కోర్సులు, పీహెచ్‌డీలు దాని కిందికి వస్తాయి. ఆ పత్రం లేకుండా వీసాకు దరఖాస్తు చేస్తే తిరస్కరణ ఖాయం.

ఫారం ఉచితమే. ఖర్చంతా ఎదురుచూపుల్లో ఉంది. గరివిడి దగ్గర నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. తండ్రి ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు మెటలర్జీ చదివాడు. విమాన ఇంజన్ల బ్లేడ్లకు వాడే నికెల్ మిశ్రమ లోహాల మీద ఇంగ్లండ్‌లో పీజీ సీటు వచ్చింది. ఫారంలో చదివిన ప్రతి కోర్సూ, చేసిన ప్రాజెక్టులూ, ఫీజు ఎవరు కడుతున్నారన్నదీ రాయాలి. తన చదువు గురించి చెప్పగల ఇద్దరు రిఫరీల పేర్లివ్వాలి. ఇవన్నీ రాసి పంపాడు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. బ్రిటన్ వీసాకు ఫీజు డబ్బు, ఖర్చుల డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. బ్యాంకు లోను చాలక మిగతాది ఆ తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఖాతాలో వేశాడు. 28 రోజులూ అయిపోయాయి. ఏటాస్ రాలేదు. ఆ డబ్బు తీసి అప్పు తీర్చేస్తే వీసాకు మళ్లీ మొదటి నుంచి లెక్క. ఉంచితే నెలనెలా వడ్డీ. కుర్రాడు పొద్దున్నే లేచి ఈమెయిల్ చూసుకోవడం, తండ్రి 'వచ్చిందేట్రా?' అని అడగడం, ఆ ఇంట్లో రెండు నెలలకు పైగా ఇదే నడిచింది. పత్రం వచ్చేసరికి అక్కడ క్లాసులు మొదలైపోయాయి. సీటు మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. అప్పుకు వాయిదా లేదు.

ఆ కుర్రాడు చివరికి నిర్దోషిగానే తేలాడు, పత్రం చేతికొచ్చింది. ఆలస్యం ఎందుకైందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒకవేళ కాదన్నా కారణం విడమరిచి చెప్పరు. అప్పీలుకు వెళ్లే హక్కు లేదు, కావాలంటే కొత్తగా మళ్లీ పెట్టుకోవాలి. దొంగతనం చేశాడని పట్టుకొచ్చినవాడికి కూడా నేరమేమిటో చెప్పాలని చాలా దేశాల చట్టాలు అంటాయి. చదువుకుంటానన్నవాడికి ఆపాటి మర్యాద లేదు.

వాళ్ల వైపు చెప్పేదీ ఉంది. ఏ.క్యూ.ఖాన్‌ను మరిచిపోయారా అంటారు. పాకిస్తాన్‌కు అణుబాంబు తెచ్చిపెట్టిన ఖాన్ 1970ల్లో నెదర్లాండ్స్‌లో పనిచేస్తూ యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల వివరాలు పట్టుకుపోయిన మాట నిజం. ఏ దేశమైనా తన రహస్యాలు కాపాడుకోవాల్సిందే, కాదనను. కానీ ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి. ఖాన్ అప్పటికి విద్యార్థి కాదు, ఉద్యోగి. పైగా డచ్ అధికారులకు అతని మీద ముందే అనుమానం వచ్చింది. పట్టుకుందామనుకుంటే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వద్దని ఆపిందని ఆ దేశ మాజీ ప్రధాని లుబ్బర్స్ 2005లో బయటపెట్టారు. అంటే వాళ్లకు తెలియక పోలేదు, తెలిసీ వదిలేశారు. దానికి శిక్ష గరివిడి కుర్రాడికా?

పేరున్నవాళ్లకూ ఇదే అనుభవం. 2006లో అమెరికాలో ఒక సదస్సుకు వెళ్లబోయిన గోవర్ధన్ మెహతాకు చెన్నై కాన్సులేట్‌లో వీసా ఇవ్వలేదు. ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా చేసిన రసాయన శాస్త్రవేత్త, అప్పటికి అంతర్జాతీయ శాస్త్ర మండలి అధ్యక్షుడు. ఆయన కెమిస్ట్రీ రసాయన ఆయుధాలకు పనికొస్తుందేమోనన్నది వాళ్ల సందేహం. దేశమంతా గోల చేస్తే అప్పుడు ఇస్తామన్నారు. మెహతా కోసం దేశం నోరు తెరిచింది. చీపురుపల్లి నుంచో టెక్కలి నుంచో వెళ్లే అమ్మాయి కోసం ఎవరు తెరుస్తారు?

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకొకటి. 2024 జులైలో భారత్, బ్రిటన్ కలిసి టెక్నాలజీ సెక్యూరిటీ ఇనిషియేటివ్ అని ఒకటి ప్రకటించాయి. సెమీకండక్టర్లు, క్వాంటమ్, కృత్రిమ మేధ, కీలక ఖనిజాలు, అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్... వీటన్నిటిలో కలిసి పనిచేస్తామని రాసుకున్నాయి. ఏటాస్ పరిధిలోకి వచ్చే చదువులు చాలావరకు ఇవే! ప్రభుత్వాల స్థాయిలో భాగస్వామ్యం అన్న రంగమే, విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి అనుమానం కిందికి పోతోంది. అసలు ఏటాస్ అక్కర్లేని దేశాలు కొన్ని ఉన్నాయి. యూరోపియన్ యూనియన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, స్విట్జర్లాండ్ వాళ్లు ఈ పత్రం లేకుండానే చేరొచ్చు. ఆ జాబితాలో భారత్ లేదు. 2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలైనప్పుడు, స్కాచ్ విస్కీ మీద సుంకం 150 శాతం నుంచి 75కి దించడానికి మనం ఒప్పుకున్నాం. అంత పెద్ద బేరం కుదిరిన తర్వాత కూడా మన పీజీ విద్యార్థి ఆ జాబితా బయటే నిలబడి ఉన్నాడు. సరుకు కోసం పట్టుబట్టినట్టు చదువు కోసం పట్టుబట్టడం మనకింకా రాలేదు.

విద్య సరిహద్దు దాటితే ఏమవుతుందో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తెలుసు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసం తీసుకుని, ఆ కాషాయంతోనే భౌతికశాస్త్రం వైపు తిరిగి, ప్రేగ్‌లో డాక్టరేట్ చేశారు. న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేశారు. ఆ తర్వాత అమెరికాలో మిషిగన్. తిరిగొచ్చి విశాఖలో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి అణు ప్రయోగశాలలు ఆయన పేరుతోనే ఉన్నాయి. ఉత్తరాంధ్ర నుంచి ఫిజిక్స్ చదివి బయటికొచ్చిన తరాలన్నీ ఆ వెళ్లిరావడానికి రుణపడి ఉన్నాయి.

ఇక్కడ మనవాళ్లనూ నిలదీయాలి. మన దేశం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. ఒక్క శాతం కూడా కాదు. భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో మోనజైట్ ఉంది, అంటే థోరియం, అరుదైన ఖనిజాలు ఉన్నాయి. విజయనగరం జిల్లాలో మాంగనీసు తవ్వకాలకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఖనిజం ఇక్కడ, చదువు మాత్రం లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఎందుకుండాలి? ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. ఎచ్చెర్ల, రణస్థలం ఒకే అసెంబ్లీ నియోజకవర్గం. కొవ్వాడలో రియాక్టర్లు పెట్టేటట్టయితే, ఆ ఒప్పందంలోనే ఎచ్చెర్లలో అణు పదార్థాల పరిశోధన కేంద్రం, జిల్లా పిల్లలకు అమెరికాలో సీట్లు, వాళ్ల వీసాకు గడువు రాయించాలి. భూమి ఇచ్చిన ఊళ్ల పిల్లలకు వాచ్‌మన్ ఉద్యోగాలు చూపించి సరిపెట్టడం నేను ఒప్పుకోను. ఆ రియాక్టరును నడిపే ఇంజనీరు కొవ్వాడ నుంచే రావాలి.

శ్రీకాకుళం ఎంపీ కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు. విదేశాంగ శాఖతో ఆయన మాట్లాడించగలరు. అడగాల్సింది కొండంతేమీ కాదు. ఏటాస్ మినహాయింపు జాబితాలో భారత్‌ను చేర్చాలి. అది తేలేదాకా ప్రతి దరఖాస్తుకూ గడువు తేదీ, కాదంటే రాతపూర్వకంగా కారణం, దాని మీద అప్పీలు ఉండాలి. అమెరికాతోనూ ఇదే మాట.

ఈలోగా ఢిల్లీ దాకా పోకుండానే అయ్యే పనులున్నాయి. విజయనగరం జేఎన్‌టీయూ, ఎచ్చెర్ల, రాజాం, టెక్కలి కాలేజీలు ఒక్కో అధ్యాపకుణ్ని దీనికి కేటాయించాలి. రిఫరీగా ఉండే మాస్టారు సొంత జీమెయిల్ నుంచి కాకుండా కాలేజీ అధికారిక ఈమెయిల్ నుంచి జవాబివ్వాలి, అదీ వచ్చిన రోజే. ప్రాజెక్టు వివరం పిల్లల చేత సొంతంగా రాయించాలి, కన్సల్టెన్సీ ఇచ్చిన కాపీ వద్దు. వడ్డీకి తెచ్చిన డబ్బు ఖాతాలో వేయడం ఏటాస్ చేతికొచ్చాకే పెట్టుకోమని తల్లిదండ్రులకు చెప్పాలి. సెప్టెంబరు సీటు కోసం ఈ పనంతా వేసవి సెలవులకు ముందే మొదలవ్వాలి.