మక్కీకి మక్కీ కాదు
ఐరిష్ రచయిత్రి లేడీ గ్రెగరీ 1902లో తెచ్చిన, పాత ఐరిష్ గాథల వీరుడు కూహులిన్ కథల పుస్తకం మూలానికి మక్కీకి మక్కీ అనువాదమని ఒక వ్యాసంలో రాశారు, అదొక్కటీ ఒప్పుకోలేను. ఆ పాత ఐరిష్ కథలకు అసలు ఒకే మూలం ఎక్కడుంది? వ్రాతప్రతికో పాఠం. పండితులు అంతకుముందే అచ్చువేసిన పాఠాలూ అనువాదాలూ ముందు పెట్టుకుని, ఒకదాంట్లో లేని ముక్క ఇంకోదాంట్లోంచి తెచ్చి అతికి, పుట్టుక నుంచి చావు దాకా ఒకే కథగా నడిపిందావిడ. కత్తెరా బాగానే వాడింది. పసివాడు కూహులిన్ యుద్ధావేశం దిగకుండా ఊరిమీదికి వచ్చే ఘట్టమే చూడండి. పాత కథలో ఆడవాళ్లు ఒంటిమీద బట్టల్లేకుండా ఎదురొస్తారు, వాడు సిగ్గుతో మొహం దాచుకోగానే పట్టుకుని చన్నీళ్ల తొట్టిలో ముంచుతారు. మొదటి తొట్టి పగిలిపోతుంది, రెండోదాంట్లో నీళ్లు పిడికిలంత బుడగలతో ఉడుకుతాయి, మూడోదాంట్లో వేడెక్కి ఊరుకుంటాయి. గ్రెగరీ దగ్గరికొచ్చేసరికి ఆ తొట్లు మాయం, కడుక్కోవడానికి నీళ్లు మాత్రం మిగిలాయి! కొన్ని వదిలేశానని పుస్తకం మొదట్లో ఆవిడే చెప్పుకుంది, దాచలేదు. ఆవిడ పుస్తకంలో భాష సంగతి ఇంకా తమాషా. ఐర్లండ్‌లో గాల్వే ప్రాంతపు కిల్టార్టన్ పల్లెజనం మాట్లాడే ఇంగ్లీషు అది, ఐరిష్ వాక్యం మీద ఇంగ్లీషు మాటలు పేర్చినట్టుంటుంది. 'ఇప్పుడే వచ్చాడు' అనడానికి 'హీ ఈజ్ ఆఫ్టర్ కమింగ్' అంటారు, బడి వ్యాకరణంతో చదివితే తప్పులా తోస్తుంది. అన్నట్టు, ఈ కథలకు ఇంగ్లీషులో బాట వేసింది 1878లో ఐరిష్ రచయిత స్టాండిష్ ఒగ్రేడీ. ఆ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారైనా తలుచుకోవాల్సింది.