చదివి వచ్చి మాట్లాడేవాళ్లనే వినండి

పాడ్‌కాస్ట్ పేరుతో ఇప్పుడు వస్తున్నవాటిలో చాలావాటిని చూస్తే ఒళ్లు మండుతోంది. రెండు కుర్చీలు, రెండు పెద్ద మైకులు, వెనక రంగురంగుల దీపాలు, ఎదురుగా ఒక ప్రముఖుడు. అడిగే మనిషికి ఆయన గురించి తెలిసింది అంతంతమాత్రం. ‘మీ ప్రయాణం గురించి చెప్పండి సార్’ అని మొదలుపెట్టి మూడు గంటలపాటు తల ఊపుతూ కూర్చుంటాడు. అతిథి పచ్చి అబద్ధం చెప్పినా అడ్డు తగలడు. అడ్డు తగలాలంటే అది అబద్ధమని ముందే తెలిసి ఉండాలి, తెలియాలంటే నాలుగు రోజులు కూర్చుని చదవాలి. ఆ పని ఎవరూ చేయరు. చివరికి ఆ మాటల్లోంచి నిమిషం నిమిషం ముక్కలు కోసి ఫోన్లలోకి వదులుతారు. ఆ ముక్కల కోసమే ఆ మూడు గంటలూ నడిచాయని వినేవాళ్లకు అర్థమవుతూనే ఉంటుంది. మన సమయానికి అక్కడ పూచికపుల్ల విలువ లేదు.

ఈమధ్య వినదగ్గవి ఏమున్నాయని మిత్రులు అడుగుతుంటారు. నా కొలమానం ఒకటే. మైకు ముందు నోరు తెరవడానికి ముందు ఎవరో ఒకరు కష్టపడి ఉండాలి. తిరిగి ఉండాలి, చదివి ఉండాలి, రికార్డు చేసినదాంట్లో సగానికి సగం తీసి పారేసి ఉండాలి. ఆ కష్టం మన చెవికి తెలిసిపోతుంది.

అందుకే ఎవరు అడిగినా ముందు ‘ఇన్ ద డార్క్’ పేరే చెబుతాను. 2018లో వచ్చిన దాని రెండో సీజన్ వినండి. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో వినోనా అనే చిన్న పట్టణం ఉంది. 1996లో అక్కడి ఫర్నిచర్ దుకాణంలో నలుగురు హత్యకు గురయ్యారు. ఆ కేసులో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయుడిని ఒకే ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు న్యాయవాది) ఆరు సార్లు విచారణకు నిలబెట్టాడు. పై కోర్టు శిక్ష కొట్టివేసినా, తీర్పు చెప్పే సాధారణ పౌరుల బృందం, అంటే జ్యూరీ, ఏకాభిప్రాయానికి రాలేకపోయినా మళ్లీ మొదటికే వచ్చేవాడు. విలేకరి మ్యాడెలీన్ బారన్, ఆమె సహచరులు దాదాపు ఏడాదిపాటు ఆ ఊళ్లోనే మకాం వేశారు. హత్య జరిగిన ఉదయం ఫ్లవర్స్‌ను చూశామన్న సాక్షుల ఇళ్లకు వెళ్లి, ఎదురుగా కూర్చుని, అసలు ఏం చూశారో నెమ్మదిగా అడిగారు. కోర్టు కార్యాలయాలు తిరిగి 26 ఏళ్ల విచారణల కాగితాలు ఒక్కొక్కటీ స్కాన్ చేశారు. జ్యూరీ ఎంపికలో ఆ ప్రాసిక్యూటర్ కార్యాలయం తెల్లవారికంటే నల్లవారిని నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా తొలగించిందని లెక్క తేల్చారు. ఫ్లవర్స్ తనతో నేరం ఒప్పుకున్నాడని కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన ఖైదీ, తాను చెప్పింది అబద్ధమని జైలు నుంచి ఫోనులో వాళ్లతోనే అన్నాడు. ఆ మాట ఆ మనిషి గొంతులోనే మనకు వినిపిస్తుంది. అచ్చులో అదే వాక్యం చదివితే ఆ బరువులో పదో వంతు కూడా ఉండదు.

2019లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఆరు విచారణల్లోనూ కలిపి తొలగించడానికి వీలున్న 42 మంది నల్లజాతి జ్యూరర్లలో 41 మందిని తొలగించారని తీర్పులోనే రాసింది. 2020లో అభియోగాలు పూర్తిగా ఎత్తేశారు. అప్పటికి ఆయన జీవితంలో ఇరవై ఏళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి.

ఆ బృందం ఇప్పుడు న్యూయార్కర్ పత్రికలో పనిచేస్తోంది. 2024లో మూడో సీజన్ తెచ్చారు. 2005లో ఇరాక్‌లోని హదీథాలో అమెరికా మెరైన్లు 24 మంది పౌరులను చంపిన ఘటన అది. ఆ హత్యలకు ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. సైన్యం బయటికి రానివ్వని ఫొటోల కోసం ఈ బృందం కోర్టుకెక్కింది. అక్కడ సొంతవాళ్లను పోగొట్టుకున్న ఇద్దరు మనుషులు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఫొటోలు బయటికి రావాలని మృతుల కుటుంబాల చేత సంతకాలు పెట్టించారు. 2025లో దీనికి పాత్రికేయుల పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. బహుమతి రాకపోయినా ఇదే మాట చెప్పేవాణ్ని.

నేరకథల పాడ్‌కాస్ట్‌లు కుప్పతెప్పలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటితో నాకున్న పేచీ ఇక్కడే. ఎవరి కూతురో చచ్చిపోతే వికీపీడియా పేజీ చదివి, నడుమ గగుర్పాటు సంగీతం పెట్టి, మృతదేహం వర్ణన పూర్తయిన మరుక్షణం పరుపుల ప్రకటన వినిపిస్తారు. ఈ ధోరణికి ఊపునిచ్చింది 2014 నాటి ‘సీరియల్’ అనే అమెరికా పాడ్‌కాస్ట్. నిజానికి అది శ్రద్ధగా చేసిన పని, వినదగ్గదే. కానీ అందులోని హతురాలు హే మిన్ లీ తమ్ముడు 2022లో కోర్టుతో, ఇది తనకు పాడ్‌కాస్ట్ కాదని, నిజజీవితమని చెప్పుకున్నాడు. నేరకథ వినబోయే ప్రతిసారీ ఆ మాట గుర్తుంచుకోవాలని నా విన్నపం. చచ్చిపోయిన మనిషి గురించి కొత్తగా ఒక్క నిజమైనా తవ్వి తీశారా, లేక ఉన్న బాధనే మళ్లీ అమ్ముతున్నారా? రెండో రకమైతే వెంటనే ఆపేయండి.

ఇక చదువుకున్నవాళ్ల మాటలు వినాలనుకుంటే బీబీసీ రేడియో 4 వారి ‘ఇన్ అవర్ టైమ్’. 1998లో మొదలై వెయ్యి ఎపిసోడ్లు దాటింది. ఒక వారం అశోకుడు, మరో వారం కిరణజన్య సంయోగక్రియ, ఇంకో వారం భగవద్గీత. ప్రతిసారీ ఆ విషయంలో తలపండిన ముగ్గురు ఆచార్యులు, అడిగేవాడు ఒక్కడు. 2025 దాకా ఆ ఒక్కడు మెల్విన్ బ్రాగ్. ఆచార్యులు దారి తప్పితే మొహమాటం లేకుండా వెనక్కి లాక్కొచ్చేవాడు, అర్థం కాకపోతే మళ్లీ చెప్పించేవాడు. పొగడ్త అనేదే వినబడేది కాదు. ముప్పావు గంటలోపే అంతా ముగుస్తుంది. పాడ్‌కాస్ట్‌లో మాత్రం ఆ తర్వాత కొన్ని నిమిషాలు అదనంగా ఉంటాయి, చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏమిటని అడుగుతాడు. అప్పుడు ఆ పెద్దమనుషులు కాస్త సడలి, ఒకరి మాట ఒకరు ఖండించుకుంటూ మాట్లాడే తీరు నాకు అసలు కార్యక్రమం కన్నా ఇష్టం. ఈలోగా నిర్మాత లోపలికి వచ్చి టీ కావాలా కాఫీ కావాలా అని అడుగుతాడు. కత్తిరించకుండా అదీ ఉంచేస్తారు.

చెవికోసమే పుట్టిన పని ఎలా ఉంటుందో తెలియాలంటే ‘రేడియోల్యాబ్’ అనే అమెరికా కార్యక్రమం 2012లో రంగుల మీద చేసిన ఎపిసోడ్ వినాలి. కుక్క కంటికి రంగులు పట్టే కణాలు రెండు రకాలు, మనిషికి మూడు, మాంటిస్ రొయ్య కంట్లో పదహారు రకాల గ్రాహకాలు. ఒకే ఇంద్రధనుస్సు వీటికి ఎలా కనిపిస్తుందో వినేవాళ్లకు ఎలా చెప్పాలి? బృందగానం పెట్టారు. కుక్క వంతు వచ్చినప్పుడు కొద్ది స్వరాలే, మనిషి దగ్గర ఇంకొన్ని కలుస్తాయి, రొయ్య దగ్గరికి వచ్చేసరికి గొంతులన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కంటికి సంబంధించిన విషయాన్ని చెవితో అనుభవింపజేయడమంటే ఇదీ. 2014లో వచ్చిన పరిశోధన, దగ్గరదగ్గర రంగులను వేరుచేయడంలో ఆ రొయ్య మనకన్నా వెనకబడి ఉందని తేల్చింది. కాబట్టి విన్నాక ఆ సంగతీ చదవండి, రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది.

ఇలాంటివాటిని రెట్టింపు వేగంతో వింటామనేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. ఆ వేగంలో పాట పాటగా ఉండదు, విలేకరి ప్రశ్నకూ సాక్షి జవాబుకూ మధ్య ఉన్న నిశ్శబ్దమూ ఉండదు. కూడికతీసివేతలన్నీ చేసి ఒక మనిషి అక్కడ కావాలనే ఉంచిన ఖాళీ అది. వేగం పెంచితే తప్ప వినలేనిదైతే అసలు వినాల్సిన అవసరమే లేదు.

పొడవు మీద నాకు కోపం లేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. అమిత్ వర్మ 2017లో మొదలుపెట్టిన ‘ది సీన్ అండ్ ది అన్‌సీన్’ ఒక్కో ఎపిసోడ్ నాలుగైదు గంటలు దాటుతుంది. తొలినాళ్లలో ఇరవై నిమిషాలే ఉండేది. అయినా నాకు బరువనిపించదు. ఎందుకంటే అతిథి రాసిన పుస్తకాలు చదివి వచ్చి, ఫలానా చోట మీరు ఇలా అన్నారు కదా అని అడుగుతాడు. అవతలి మనిషి ఆగి, ఆలోచించి, కొన్నిసార్లు తన మాట సవరించుకుంటాడు. మొదట్లో చెప్పిన ఆ మూడు గంటల ముచ్చట్లలో ఇలా ఆలోచించుకునే క్షణం ఒక్కటీ దొరకదు. రోమన్ మార్స్ ‘99% ఇన్విజిబుల్’ దీనికి పూర్తిగా వ్యతిరేకం, చిన్నది, బిగువైనది. రోజూ చూసే వస్తువులు అలా ఎందుకు తయారయ్యాయో చెబుతుంది. కొత్తగా వినడం మొదలుపెట్టేవాళ్లకు అది మంచి ప్రవేశం.

తెలుగులో కిరణ్‌ప్రభ గారి టాక్‌షోలు వినండి. అతిథి లేరు, హంగు లేదు, ఒక్క గొంతు. ఒక మనిషి జీవితాన్ని ఎంచుకుని, దొరికినదల్లా చదివి, క్రమం తప్పకుండా చెప్పుకుంటూ పోతారు. ‘హర్షణీయం’ తెలుగు కథలను చదివి వినిపిస్తుంది, రచయితలతో, అనువాదకులతో మాట్లాడుతుంది. అక్కడ రచయితను ప్రశ్నించేవాళ్లు ఆ రచన చదివే ఉంటారు, ఆ తేడా ప్రశ్నలోనే తెలుస్తుంది. ఈ రెండింటికీ ఉన్న శ్రోతలు పదింతలు కావాలని మనసారా కోరుకుంటున్నాను. ఒక కేసు వెంట, ఒక ఊరి వెంట ఏడాదిపాటు నడిచే విలేకరులు మన భాషలోనూ మైకు పట్టుకోవాలి. దానికి డబ్బు కావాలి, ఓపికున్న సంపాదకుడు కావాలి, ముందు వినేవాళ్లు కావాలి. కుర్చీల ముచ్చట్లకు లక్షల్లో చెవులప్పగిస్తూ ఉంటే పెట్టుబడి పెట్టేవాళ్లు అటే పోతారు.

‘ఇన్ ద డార్క్’ మొదలుపెట్టేవాళ్లు మధ్యలో దూకకండి, రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా వినండి. తెలుగులో ఇలా కష్టపడి చేసినవి మీ దృష్టికి వస్తే పేరు చెప్పండి, తప్పకుండా వింటాను.