పిన్‌కోడ్ పోస్టాఫీసుది, ఊరిది కాదు

దేశాన్నంతా నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గడులుగా విడదీసి, ప్రతి గడికీ పది అక్షరాల డిజిటల్ అడ్రస్ వచ్చేసిందని తపాలా శాఖ చెబుతోంది. 2025 మేలో తెచ్చిన డిజిపిన్ గురించి ఈ ప్రచారమంతా. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) కలిసి చేసిన పని, మంచి పనే. పాత చిరునామా పోదని, దానికి ఇది తోడని, ఆపదలో అంబులెన్స్‌కు దారి చూపిస్తుందని అధికారులు అంటున్నారు. ఒప్పుకుందాం. కానీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీది గూడేనికి కాగితం మీద సొంత పేరే దిక్కులేనప్పుడు, ఆ గడికి నంబరు వేసి ఎవరికి మేలు చేసినట్టు?

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల భాషల్లో రాసిన అడ్రస్‌లు, వీటితో తల పట్టుకునే, ఉత్తరాలు వేరుచేసే సార్టింగ్ సిబ్బంది కోసం పెట్టిన ఆరంకెలవి. మొదటి మూడూ సార్టింగ్ జిల్లాకు, చివరి మూడూ పోస్టాఫీసుకు. 531149 అని రాస్తే కవరు అరకులోయ పోస్టాఫీసు దాకా వస్తుంది. అక్కడి నుంచి కొండెక్కించాల్సింది గ్రామీణ డాక్ సేవక్, రోజుకు నాలుగైదు గంటల పనికి మాత్రమే జీతం తీసుకునే మనిషి, అదీ రోడ్డు లేని చోట కాలినడకన. ఆ నంబరు పోస్టాఫీసుది, ఊరిది కాదు. అయినా బ్యాంకు నుంచి ఆన్‌లైన్ ఫారం దాకా అందరూ దాన్నే ఊరనుకుంటున్నారు. కోడ్ కొట్టగానే జిల్లా పేరు దానంతటదే పడుతుంది, అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లోనే వచ్చినా చాలా చోట్ల ఇంకా విశాఖపట్నం అనే కనిపిస్తుంది. ఇదే శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. నడిచి చేరాల్సిన ఊరికి ఏం స్పీడు?

ఇక ఊరి వివరాలు. జనాభా ఎంత అని చూస్తే ఇప్పటికీ 2011 నాటి అంకే. అదీ రెవెన్యూ గ్రామానిది, శివారు గూడేలన్నీ అందులోనే కలిసిపోతాయి. బడి ఉందని రికార్డు చెబుతుంది, అది వాగు అవతల ఉందని చెప్పదు. ఆ వాగు పొంగితే పిల్లలు ఇంట్లోనే.

మా భయం ఒక్కటే. నంబరు ఇచ్చేస్తే సేవ అందినట్టే అని రాసుకునే అలవాటు ఇప్పటికే ఉంది, డిజిపిన్ దానికి ఇంకా బలమిస్తుంది. నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఏజెన్సీ నుంచి మళ్లీ మళ్లీ వస్తున్నాయి. గడి నంబరు తెలిసిన అంబులెన్స్ కూడా రోడ్డు ఆగిన చోటే ఆగుతుంది కదా. రేపు ఏ సమీక్షలోనైనా ఈ గూడేలకు డిజిటల్ చిరునామా ఇచ్చాం అని ఒక లైను చదివేసి రోడ్డు ఫైలు పక్కన పెడితే అడిగేవాడెవడు?

2027 జనగణన ముందుంది. అప్పుడైనా ప్రతి గూడేన్నీ విడిగా, అక్కడి వాళ్లు పలికే పేరుతోనే రాయాలి, ఎంతమంది ఉన్నారో, నీళ్లకు ఎంత దూరం నడుస్తున్నారో విడిగా లెక్కించాలి. డాక్ సేవక్‌కు పూర్తి పని గంటలు, పూర్తి జీతం ఇవ్వాలి. మ్యాపుల ముందు కూర్చుని గడులు లెక్కపెట్టే అధికారులు ఒక్కసారి జులైలో, వాన పడుతున్నప్పుడు, ఒక కవరు చేత్తో పట్టుకుని ఆ గూడెం దాకా నడిచి వెళ్లి ఇచ్చి రండి. తర్వాత మాట్లాడండి.