చేప ముక్కకు బీపీ మాత్ర పని అప్పజెప్పకండి

‘ఫిష్ ఫ్రై విత్ సాస్ – మీ గుండెకు కవచం’ అనే మెసేజ్ మళ్ళీ బయల్దేరింది. బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచి గుంటూరు వాకర్స్ గ్రూపుల దాకా ఎక్కడ చూసినా అదే, చివర రెండు దండాలు, ఓ గులాబీ పువ్వుతో సహా. అందులో ఉన్నది ఇదీ: చేప ఏదైనా ఒమేగా-3 (గుండెకు మంచిదని చెప్పే ఒక రకం కొవ్వు) గని. వారానికి నాలుగుసార్లు ఫ్రై తింటే రక్తనాళాలు శుభ్రపడిపోతాయి, ఇక బీపీ మాత్రలతో పనిలేదు. వేయిస్తే ప్రొటీన్ పెరుగుతుంది. టమాటా సాస్ కూరగాయతో సమానం. నిమ్మరసం పిండితే నూనె విరిగిపోతుంది. కాగే నూనెలో పడ్డాక చేపలో ఏ విషమూ మిగలదు. ఇంత చెప్పి, చేప తిన్నాక పెరుగు తింటే మాత్రం బొల్లి వస్తుందట!

చిల్లరవి ముందు తేల్చేద్దాం. బొల్లికీ చేపా పెరుగుకీ సంబంధం లేదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తే వచ్చేది అది. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుని తింటారు. నిమ్మరసం నీచువాసనను తగ్గిస్తుంది, రుచినిస్తుంది. నూనెను మాత్రం ఏమీ చేయదు, అది ముక్కలోంచి పొట్టలోకి భద్రంగా చేరుతుంది.

ప్రొటీన్ సంగతి కొంచెం తమాషా. పచ్చి శీలావతి 100 గ్రాముల్లో ప్రొటీన్ 17 గ్రాముల దాకా ఉంటుంది. పెనం మీద వేగితే నీరు పోయి ముక్క కుదించుకుపోతుంది కాబట్టి, వేగిన 100 గ్రాములు తూచి చూస్తే అంకె పెరిగినట్టే కనిపిస్తుంది. లెక్క తప్పు కాదు, కానీ మీ కంచంలోని ముక్కలో కొత్తగా చేరింది సున్నా. వేపుడుతో ప్రొటీన్ అంతా చచ్చిపోతుందని ఇంకో గ్రూపులో తిరిగే మెసేజ్ కూడా అబద్ధమే, అది వేరే పంచాయితీ.

ఇవన్నీ ఒక ఎత్తు, బీపీ మాత్రల ముక్క ఒక ఎత్తు.

ముందు చేప. సముద్రంలో దొరికే కవళ్ళు, కానగంతల్లాంటి కొవ్వు చేపల్లో ఒమేగా-3 బాగానే ఉంటుంది. బెజవాడలో ఫ్రై అని ప్లేట్లో వచ్చేది ఎక్కువగా కొల్లేరు, కైకలూరు వైపు చెరువుల బొచ్చె, శీలావతి. బోన్‌లెస్ అయితే చాలాచోట్ల ఫంగస్ చేప, అంటే పంగాసియస్. శీలావతిలో 100 గ్రాములకు ఉండే కొవ్వే 1.4 గ్రాములు. గుండెకు పనికొచ్చే ఒమేగా-3 రకాలైన ఈపీఏ, డీహెచ్ఏలు అందులో పదో వంతు ఉన్నాయనుకున్నా 140 మిల్లీగ్రాములు. రక్తపోటు మీద కాస్త ప్రభావం కనిపించాలంటే అవి రోజుకు 2 నుంచి 3 గ్రాములు కావాలి. అప్పుడైనా తగ్గేది రెండు మూడు పాయింట్లు. అంటే తక్కువలో తక్కువ రోజూ దాదాపు కిలోన్నర శీలావతి తినాలి. తినగలిగితే తినండి, మాత్ర మాత్రం మానకండి.

ఇక వేపుడు. మూకుడులో ముంచి తీస్తే ఒమేగా-3 మొత్తం ఆవిరైపోదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. వచ్చిన చిక్కల్లా కొవ్వు తక్కువున్న చేప, లోపలి నీరు పోతున్న కొద్దీ నూనె తాగడంతోనే. 97 క్యాలరీల పచ్చి ముక్క, పిండి పట్టించి వేయించాక 100 గ్రాములకు 230 దాకా పోతుంది, కొవ్వు 12, 13 గ్రాములకు చేరుతుంది. ఆ పెరిగిన కొవ్వంతా చేపది కాదు, మూకుడుది. అమెరికాలో 65 ఏళ్ళు దాటినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2003లో వేసిన ఫలితాల్లో నిప్పు మీద కాల్చిన, ఓవెన్లో బేక్ చేసిన చేప తిన్నవాళ్ళకు గుండెజబ్బుతో పోయే ముప్పు తక్కువగా కనిపించింది. వేయించిన చేప తిన్నవాళ్ళకు ఆ లాభం కనబడలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో వారానికి ఒకటి రెండుసార్లు చేప తినమన్నప్పుడు ‘వేయించనిది’ అని విడిగా రాసింది. మెసేజ్ రాసిన మహానుభావుడు ఆ ఒక్క మాటా మింగేశాడు.

ఇప్పుడు ఉప్పు. పావుకిలో ముక్కలకు మసాలాలో అర టీస్పూన్ ఉప్పు వేస్తారు, అందులో సోడియం సుమారు 1,150 మిల్లీగ్రాములు. పైన టాస్ చేసేటప్పుడు ఒక టేబుల్‌స్పూన్ సోయా సాస్, ఇంకో 900. పక్కన రెండు టేబుల్‌స్పూన్ల టమాటా సాస్, 300. ఇంకా అజినొమోటో లెక్కలోకే తీసుకోలేదు. ప్లేటు ఖాళీ అయ్యేసరికి 2,350. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మనిషికి రోజంతటికీ పెట్టిన హద్దు 2,000. అంటే బీపీ ఉన్నాయన మాత్ర మానేసి, దాని బదులు బీపీ పెంచే ప్లేటు తెప్పించుకుంటాడన్నమాట! మానేసినరోజు ఏమీ తెలియదు, తలనొప్పి కూడా రాకపోవచ్చు. తెలిసేది పక్షవాతం వచ్చినప్పుడు. అప్పుడు ఫిజియోథెరపీ చేయించడానికి గ్రూప్ అడ్మిన్ రాడు.

సాస్ కూరగాయతో సమానమా? ఒక టేబుల్‌స్పూన్లో దాదాపు ఒక టీస్పూన్ చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు సీసా వెనక్కి తిప్పి చదువుకోవచ్చు. అయితే సాస్ తరఫున చెప్పుకోవాల్సిన నిజం ఒకటుంది: టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ పచ్చిగా తిన్నప్పటికంటే ఉడికించి, కాస్త నూనెతో తింటేనే ఒంటికి బాగా పడుతుంది. ఆ ఒక్క విషయంలో సాస్, సలాడ్ ముక్కను ఓడించింది. కాకపోతే అదే లైకోపీన్ ఇంట్లో టమాటా పప్పులో కూడా ఉంది, చక్కెర లేకుండా. మయొనైజ్ అయితే ఒక్క టేబుల్‌స్పూనే 90 క్యాలరీల పైన, దాదాపు అంతా నూనే. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు. ‘మాకు సాసులెందుకండీ, నిమ్మకాయ పచ్చడి ఉంది’ అనే గుంటూరువాళ్ళు నవ్వకండి, ఉప్పు లెక్కలో ఆ పచ్చడి సాస్‌కు అన్నగారు.

నూనెలో పడితే విషం పోతుందన్న మాట కూడా ప్రమాదమే. సూక్ష్మక్రిములు చస్తాయి, నిజమే. కానీ కానగంతలు, ట్యూనా లాంటివి ఐసు లేకుండా మన ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి బాధలు తెచ్చే పదార్థం పేరుకుంటుంది. అది ఎంత వేయించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి వస్తాయి. ‘చేప పడలేదు’ అనుకుంటాం, పడనిది చేప కాదు, నిల్వ. మొత్తం చేప కొంటే మొప్పల ఎరుపు, కంటి మెరుపు చూడొచ్చు, వేలితో నొక్కితే కండ పైకి లేస్తుందో లేదో తెలుస్తుంది. బోన్‌లెస్ ముక్కకు మొప్పలూ లేవు, కళ్ళూ లేవు. పైగా ఎర్ర రంగు. చేప, చికెన్ కబాబుల్లో కృత్రిమ రంగులను కర్ణాటక 2024 జూన్‌లో నిషేధించింది. మిర్చి యార్డు ఊరికి అంత ఎరుపు డబ్బాలోంచి రావాల్సిన ఖర్మేమిటో!

ఇంతకీ ఫ్రై మానేయమనడం లేదు. ముక్క అరంగుళం మందం ఉండాలి. కడిగాక గుడ్డతో తడి ఒత్తి తీసెయ్యండి, తడి ఉంటే మసాలా జారి నూనెలో మాడుతుంది. పావుకిలోకు కారం, పసుపు, అల్లంవెల్లుల్లి, ఒక టేబుల్‌స్పూన్ బియ్యప్పిండి, పావు టీస్పూన్ ఉప్పు చాలు. పెనం మీద రెండు టీస్పూన్ల నూనె, మధ్యస్థ మంట, పక్కకు నాలుగైదు నిమిషాలు. మూకుడులోనే కావాలంటే నూనె 170–180 డిగ్రీలు ఉండాలి: చుక్క పిండి వేస్తే అడుక్కి వెళ్ళి వెంటనే బుడగలతో పైకి రావాలి. ఒకేసారి మూకుడు నిండా వేస్తే వేడి పడిపోతుంది, పైపొర గట్టిపడదు, ముక్క నూనె పీలుస్తుంది. తీశాక జల్లెడ మీద పెట్టండి, న్యూస్‌పేపర్ మీద కాదు. సిరాలో సీసం ఉండొచ్చు, ఆహార భద్రతా సంస్థ వద్దని చెప్పింది కూడా. మిగిలిన నూనె నల్లబడి, నురగ కట్టి, తొందరగా పొగలు వస్తుంటే పారేయండి. హోటళ్ళకైతే నూనెలో పోలార్ పదార్థాలు (మళ్ళీ మళ్ళీ కాచిన నూనె చెడి అందులో పేరుకునేవి) 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర నిలబడ్డప్పుడు మెనూ కంటే ముందు మూకుడులోకి ఒకసారి తొంగి చూడండి, అడుగు కనబడకపోతే పక్క బండికి వెళ్ళండి.