టైముకంటే ముందే వెళ్ళిపోయిన రైలును ఎవరైనా మెచ్చుకుంటారా?

ఇప్పుడే ఫోను తెరిచాను. ఎవరో నన్ను ట్యాగ్ చేశారు. చూస్తే, పొద్దున హాఫ్ మారథాన్‌లో 2 గంటల 15 నిమిషాలకు చేరుస్తానని జెండా పట్టుకుని మా ముందు పరుగెత్తిన పేసర్ గారు! ఫినిష్ లైను కింద, భుజాన జెండా, రెండు వేళ్ళు పైకి. కింద రాత: "2:15 గ్రూపును 2:09కే గమ్యం చేర్చాను. నా టీమును చూస్తే గర్వంగా ఉంది."

ఆ టీములో నేనూ ఉన్నానట.

అయ్యా, మీరు ఆ ఫొటో దిగుతున్న సమయానికి మీ టీము ఎక్కడుందో తెలుసా? నా మటుకు నేను పంతొమ్మిదో కిలోమీటరు బోర్డు దాటి, నడుము మీద చెయ్యి వేసుకుని, రోడ్డు మీద తెల్ల గీతలు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాను. మీతో పాటు గీత దాటింది ఇద్దరు. బయలుదేరింది పదిహేను మంది. పదిహేనులో ఇద్దరిని దాటించి గర్వపడే పడవవాడిని నేనైతే ఎక్కడా చూడలేదు.

పొద్దున పరుగెత్తిన కాళ్ళు ఇంకా మెట్లు దిగనివ్వడం లేదు. ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లబడింది. అయినా ఇది ఇప్పుడే రాస్తాను. రేపటికి నా కోపం చల్లారితే "పోనీలే పాపం" అంటాను. అనకూడదు.

తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట. హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. దాన్ని 2 గంటల 15 నిమిషాల్లో ముగించాలంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. అయిదు కిలోమీటర్లకు సరిగ్గా 32 నిమిషాలు. అంటే ముప్పై రెండో ఎక్కం వస్తే చాలు: 32, 64, 96, 128. ఆ పైన మిగిలిన కిలోమీటరు చిల్లరకు ఏడు నిమిషాలు. నేను నిన్న రాత్రి ఈ అంకెలను ఒక సన్నటి కాగితం ముక్క మీద బాల్‌పెన్నుతో రాసి, చెమటకు తడవకుండా రెండు వైపులా టేపు అంటించి, ఎడమ మణికట్టుకు చుట్టుకున్నాను. పరీక్షకు వెళ్ళే పిల్లలు హాల్ టికెట్‌ను చూసుకున్నట్టు పడుకునే ముందు మూడుసార్లు చూసుకున్నాను కూడా. నవ్వండి, పరవాలేదు. మొదటిసారి పరుగెత్తేవాళ్ళు ఇలాగే ఉంటారు.

నాలుగు నెలలు తయారయ్యాను. అలారం మోగకముందే లేచాను. నా వేగం నాకు తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే, వేలమంది మధ్యలో తుపాకీ పేలగానే ఆ వేగాన్ని పట్టుకుని ఉండగలనా అని. అందుకే కదా పేసర్! జెండా మీద 2:15 అని రాసుకుని ఒక మనిషి నిలబడితే, ఆ మనిషి నడిచే గడియారం అని నమ్మి వెనక నిలబడతాం. ఆయన పని గెలవడం కాదు, తన సత్తా చూపించడం అసలే కాదు. చెప్పిన టైముకు చెప్పిన చోట ఉండడం, అంతే. అందుకే పేసర్‌గా ఆ దూరాన్ని బాగా తేలిగ్గా, ఇంకా తక్కువ టైములో పరుగెత్తగలిగిన మనిషిని పెడతారు. తనకు ఆయాసం లేకపోతే పక్కవాళ్ళ ఆయాసం చెవిన పడుతుందని. మా పేసర్‌కు ఆయాసం లేదు, నిజమే. చెవులు కూడా లేవు.

మొదలు కాకముందే చెప్పాడు: "మొదట్లో కొంచెం టైము బ్యాంకులో వేసుకుందాం, చివర్లో వాడుకుందాం." అందరూ తలలు ఊపారు. నేనూ ఊపాను, అదే నా తప్పు. ఈ బ్యాంకు సంగతి పుస్తకాల్లో చదివే ఉన్నాను. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పరుగుకు ఇంధనం, మనకు అప్పగించిన సంచి లాంటిది. మన వేగాన్ని మించి పరుగెత్తిన కొద్దీ అది త్వరగా ఖాళీ అవుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి, ఆ తరువాత ఎంత బతిమాలినా అవి మాట వినవు. ఈ బ్యాంకులో డిపాజిట్ వేసినవాళ్ళే చివరికి వడ్డీ కట్టాలి. నా పాసుబుక్కు చూపిస్తాను చూడండి: మొదటి 14 కిలోమీటర్లలో మూడు ముప్పావు నిమిషాలు దాచుకున్నాను. చివరి ఏడు కిలోమీటర్లలో పదకొండు ముప్పావు కట్టాను. 2:23కు గీత దాటాను.

మొదటి కిలోమీటరు 5:52. నా గడియారం కూస్తూనే ఉంది. "కొంచెం వేగం ఎక్కువైనట్టుంది" అన్నాను. "జనం ఉత్సాహం అండి, ఆస్వాదించండి!" అన్నాడు. రెండో కిలోమీటరులో వెనక్కి తిరిగి, వెనక్కే పరుగెత్తుతూ, మా అందరితో సెల్ఫీ. మూడులో నినాదాలు. వంతుల వారీగా అరవాలట. ఊపిరి ముక్కులోంచి వెళ్ళాలా నోట్లోంచి వెళ్ళాలా అని అది తేల్చుకుంటుంటే దాని మధ్యలోంచి నినాదం ఒకటి పంపాలి! అయిదో కిలోమీటరు దగ్గర నా మణికట్టు 32 అంటోంది, గడియారం 30:20 అంటోంది. పదో కిలోమీటరుకు 61. మణికట్టు మీద 64. కాగితం చెప్పినదే నిజమని తెలుసు. కానీ జెండా ముందుకు పోతుంటే కాగితాన్ని నమ్ముకుని వెనక ఉండిపోవడానికి గుండె ఒప్పుకోలేదు. జెండా అంటే మనకు అంత గౌరవం మరి.

ఇక నీళ్ళ దగ్గర జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తొమ్మిదో కిలోమీటరు దాటాక నీళ్ళ బల్లలు వచ్చాయి. పరుగెత్తుతూ కాగితం గ్లాసులో నీళ్ళు తాగడం ఒక విద్య. గ్లాసును పైన నొక్కి మూతిలా చేసి, పక్కనుంచి కొద్దికొద్దిగా పోసుకోవాలి. నాకు రాదు. సగం ముక్కులోకి, సగం చొక్కా మీదికి. కాబట్టి పది అడుగులు నడిచి తాగాను. నాతో పాటు ఇంకో ఆరుగురు. పేసర్ అనేవాడు అక్కడ ఏం చెయ్యాలి? కాస్త నెమ్మదించాలి, లేదా "నేను ఆగను, మీరు తాగి వచ్చి మెల్లగా కలవండి" అని ముందే చెప్పాలి. మా పేసర్ బల్లలను చూసి ఇంకా ఊపందుకున్నాడు, అక్కడ రద్దీ ఉంటుందని! తలెత్తి చూస్తే జెండా వంద మీటర్ల అవతల. ఆ వంద మీటర్లు అందుకోవడానికి మేం ఏడుగురం పడిన పాటు ఆ గుండెలకే తెలుసు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని చిన్నప్పటినుంచి చెప్పారు. నిలబడి నీళ్ళు తాగితే ఇదీ మర్యాద.

పద్నాలుగు దగ్గర నా పని అయిపోయింది. నేను ఆగిపోయానని ఆయనకు తెలియదు. వెనక్కి తిరిగి చూడడం సెల్ఫీతోనే సరి.

పరుగు పందేల వాళ్ళు ఇలా ముందుండి నడిపించేవాళ్ళను కుందేళ్ళు అంటారు. కుందేలు కథ మనకు తెలిసిందేగా, కనీసం ఆ కుందేలు మధ్యలో కాసేపు పడుకుంది. 1994లో లాస్ ఏంజెలెస్ మారథాన్‌లో పాల్ పిల్కింగ్టన్ అనే కుందేలును వేగం పెట్టడానికి డబ్బిచ్చి పిలిస్తే, వెనకవాళ్ళు అందుకోవడం లేదని చూసి ఆగకుండా పరుగెత్తి పందెమే గెలిచేశాడు. ఆయన గెలిచాడు సరే. మా పేసర్ గారు 2:09కి ఏం గెలిచారు? ఆయన జెండాకు ముందే వందలమంది ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు.

అసలు పేసర్ అంటే ఎలా ఉండాలో చెప్పనా? 1954 మే 6న రోజర్ బానిస్టర్ మొట్టమొదటిసారి నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తిన రోజున ముందు నడిపించింది క్రిస్ బ్రాషర్. మొదటి చుట్టులో బానిస్టర్ వెనకనుంచి ఇంకా వేగంగా వెళ్ళమని అరిచాడు. బ్రాషర్ వినలేదు. తను పెట్టిన వేగం సరైనదే కాబట్టి దాన్నే పట్టుకుని ఉన్నాడు. తరువాత ముందు నడిపించే పని క్రిస్ చాటవే అందుకున్నాడు. బానిస్టర్ టైము 3:59.4. వెనకనుంచి అరుస్తున్నా వేగం పెంచని మనిషి పేసర్. నెమ్మదించమని బతిమాలుతున్నా నినాదాలు చెయ్యమనేవాడు ఎవరో మీరే పేరు పెట్టుకోండి. 2019లో వియన్నాలో, మారథాన్‌ను రెండు గంటల లోపు ముగించాలనుకున్న కెన్యా పరుగువీరుడు కిప్‌చోగే కోసం 41 మంది పేసర్లు వంతులు మార్చుకుంటూ పరుగెత్తారు, ముందు కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేసింది. 42.195 కిలోమీటర్లు 1:59:40. ఆ నలభై ఒక్కరిలో ఒక్కరికైనా "నేను ఇంకా ముందు వెళ్ళగలను చూడండి" అనిపించి ఉంటే ఏమయ్యేది? నాకు లేజర్ గీతలు వద్దు. గడియారం చూడడం వచ్చిన మనిషి ఒక్కడు చాలు.

ఫొటో కింద ఒక పెద్దమనిషి ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని రాశాడు: చేతి జీపీఎస్ గడియారాల్లో దూరం ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, అందుకని కొంచెం ముందు ఉండాలి అని. నిజమే నాయనా. దారిని కొలిచేది అతి దగ్గరి గీత మీద, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో. మనం అటూ ఇటూ తిరుగుతాం కాబట్టి గడియారంలో 21.4 దాకా పడుతుంది. దానికి సర్దుకోవాలంటే 6:24 బదులు 6:19లో పోవాలి. అయిదు సెకన్లు. ఆయన పోయింది 6:07లో! ఇంకొకాయన, మనం స్టార్ట్ గీత దాటినప్పటినుంచి కాక తుపాకీ పేలినప్పటినుంచి లెక్కేస్తే ఇంకో నిమిషంన్నర కలుస్తుంది అన్నాడు. కలపండి. ఇంకా నాలుగు నిమిషాలకు పైగా ముందే ఉన్నాడు. మూడో ఆవిడ మాత్రం "ఎలాగైతేనేం, పూర్తి చేశారు కదా, సంతోషించండి" అంది. ఈ మాట అనేవాళ్ళ మీద వేరే పోస్టు రాస్తాను.

నిజం చెప్పాలంటే నా కోపం ఈయనొక్కడి మీదే కాదు. ఈ మనిషిని నేను తొమ్మిదో తరగతిలోనే చూశాను. అప్పుడు చేతిలో జెండా కాదు, సుద్దముక్క. లెక్కల మాస్టారు. బోర్డు మీద నాలుగు వరసలు రాసి, "అర్థమైందా?" అని మొదటి బెంచీ వైపు చూసేవారు. ఆ ముగ్గురూ "అర్థమైంది సార్" అనేవారు. అంతే, డస్టర్ పడేది. నేను వెనక బెంచీలో రెండో వరస ఎక్కించుకుంటూ ఉండేవాడిని. నా నోటు పుస్తకం నిండా సగం లెక్కలే, సమాధానం దాకా వచ్చినది ఒక్కటీ లేదు. సిలబస్ రెండు నెలల ముందే పూర్తి చేశానని ఆయన స్టాఫ్ రూములో చెప్పుకునేవారు, వరండాలో నిలబెట్టిన రోజుల్లో నా చెవులతో విన్నాను. ఆయన పూర్తి చేశారు, నిజమే. మేమెక్కడ ఉన్నామో ఎవరూ అడగలేదు.

కొండ ఎక్కేటప్పుడు కూడా ఇంతే. ముందు వెళ్ళినవాళ్ళు రాయి మీద కూర్చుని, నీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, హాయిగా మన కోసం ఎదురుచూస్తుంటారు. మనం రొప్పుతూ వాళ్ళ దగ్గరికి చేరగానే లేచి బట్టలు దులుపుకుని "హమ్మయ్య వచ్చావా, ఇక పదండి" అంటారు. విశ్రాంతి అవసరమైనవాడికి తప్ప అందరికీ విశ్రాంతి దొరుకుతుంది. దీనికి స్నేహం అని పేరు.

అందరూ ఇలాగే ఉంటారని అనను. పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర వెనకనుంచి మెత్తగా అడుగుల చప్పుడు వినిపించింది. 2:20 జెండా. ఒకావిడ. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు, ఎవరూ అరవడం లేదు. "ముందు చిన్న ఎత్తు ఉంది, అడుగులు చిన్నవి చేసుకోండి, చేతులు వదులుగా" అని మామూలు గొంతుతో చెబుతోంది, పక్కింటి వాళ్ళతో మాట్లాడుతున్నట్టు. నన్ను చూసి "వస్తారా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "సరే, మీ వేగంలో రండి, ఇంక రెండే" అని వెళ్ళిపోయింది. గడియారం చూసుకున్నాను. ఆవిడ ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడ ఉంది. ఏడుపు ఎందుకొచ్చిందో నాకు తెలియదు, ఉప్పు కళ్ళల్లోకి కారిందని మా వాళ్ళతో చెప్పాను. ఆవిడ ఫొటో ఎవరైనా పెట్టారేమోనని ఇందాకటినుంచి వెతుకుతున్నాను. లేదు.

ఇది రాస్తుండగానే మా పేసర్ గారి జవాబు వచ్చింది. ఫొటో కింద నేను మర్యాదగా ఒకే ఒక్క వాక్యం రాశాను, "2:15 గ్రూపు 2:15కి రావాలి కదండీ" అని. దానికి: "శిక్షణ ఇంకాస్త బాగా తీసుకుంటే వచ్చేసారి మీరూ నాతో పాటు వస్తారు, శుభాకాంక్షలు." పక్కన నమస్కారం బొమ్మ.

ట్యాగ్ తీసేద్దామని వేలు పెట్టి, ఆగాను. ఆయన పెట్టిన వాటిలో రెండోది ఆ రెండో కిలోమీటరు సెల్ఫీ. అందులో ఎడమ చివర, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ, చెయ్యెత్తి ఊపుతున్నది నేనే. ఫొటోను పెద్దది చేస్తే మణికట్టు మీద కాగితం కనిపిస్తుంది. ఇంకా పెద్దది చేస్తే అంకెలు కూడా చదవవచ్చు. 32, 64, 96. ఆయనకు అరచేతి దూరంలో.