కొరియా విద్యార్థులు నోరు విప్పకపోవడానికి కారణం బిడియం కాదు

‘కొరియా పిల్లలకు పుట్టుకతోనే బిడియం. గురువంటే భయభక్తులు. క్లాసులో కొరియన్ నిషేధిస్తే ఇంగ్లిష్ దానంతటదే వస్తుంది.’ దక్షిణ కొరియా యూనివర్సిటీల్లోని ఇంగ్లిష్ క్లాసుల గురించి తెగ తిరుగుతున్న మాట ఇది.

ముందు బిడియం సంగతి. కాలేజీ ప్రవేశ పరీక్ష సునుంగ్‌లో ఇంగ్లిష్ పేపర్‌కు 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. 17 విని, 28 చదివి జవాబివ్వాలి. విని రాసే భాగం నడుస్తున్నంతసేపూ దేశమంతటా విమానాలు పైకి లేవవు, కిందికి దిగవు. అంత పట్టింపుగా జరిపే పరీక్షలో విద్యార్థి ఒక్క మాటైనా పలకనక్కర్లేదు. ‘ఆమె మాటకు అతని బదులేమిటి?’ అన్నా, అచ్చయిన ఐదు వాక్యాల్లో ఒకటి గుర్తుపెట్టడమే. ఏళ్ల తరబడి ఇలా తయారైనవాణ్ని హఠాత్తుగా ‘నీ అభిప్రాయం?’ అంటే మాట ఎక్కణ్నుంచి వస్తుంది?

ఇక భయభక్తులు. అసలు చిక్కు గురువుతో కాదు, పక్క కుర్చీతో. కొరియన్‌లో ఒక్క ఏడాది పెద్దయినా క్రియ రూపం మారుతుంది. మనకు ‘మీరు’ ఉంది. వాళ్లు పెద్దవాణ్ని సర్వనామంతో పిలవరు, ‘సొన్బే’ (సీనియర్) లాంటి వరసతోనే పిలుస్తారు. సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన అబ్బాయి, అప్పుడే చేరిన అమ్మాయి ఒకే జట్టులో పడితే ఇంగ్లిష్ ‘యూ’ ఇద్దరికీ ఎబ్బెట్టే. మొదటి రోజే అందరూ ఒక ఇంగ్లిష్ పేరు పెట్టుకుంటే ఈ ముడి చాలావరకు వదులవుతుంది.

నిషేధం మాట మరీ అన్యాయం. తెలుగులాగే కొరియన్‌లోనూ క్రియ చివర వస్తుంది. వాక్యాన్ని తలకిందులు చేసుకునేలోపే టీచర్ ఇంకొకర్ని అడిగేస్తారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో అమెరికా సైన్స్ క్లాసుల్లో గమనించారు. పరాయి భాషలో ఆ మూడూ చాలవు. అందుకే అక్కడ ఇంగ్లిష్ చెప్పేవారైతే ప్రశ్న బోర్డు మీద రాయండి. ఒక నిమిషం కాగితంపై ముక్కలుగా రాసుకోనివ్వండి. తర్వాత రెండు నిమిషాలు ఇద్దరిద్దరిగా మాట్లాడనివ్వండి. తట్టని మాట కొరియన్‌లో అన్నా ఫర్వాలేదు. ఆపైన ‘మీ పక్కవాళ్లు ఏమన్నారు?’ అని అడగండి: తప్పయినా పోయే పరువు తమది కాదు కనుక చెప్పేస్తారు. జట్టులో ఐదుగురుంటే ఒకరే మాట్లాడతారు, మిగతావాళ్లు తలలూపుతారు.

ఒక్క జాగ్రత్త. చాలా కోర్సుల్లో ‘ఏ’ గ్రేడు ఇంతమందికే అన్న పరిమితి ఉంటుంది, పక్కవాడు పోటీదారు. మాటల మార్కులు వ్యాకరణానికి వేశారా, రెండో వారానికి మళ్లీ నిశ్శబ్దమే. ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కపెట్టి వేయండి.