జానెడు బొమ్మకు మూరెడు లంగా

మొన్న సద్దుల బతుకమ్మ నాడు, అంటే పంచాంగంలో ఉన్ననాడు కాదు, ఇక్కడ అమెరికాల మన సంఘానికి స్కూల్ జిమ్ దొరికిన శనివారం నాడు, పిల్లలకు బొమ్మల ముస్తాబు పోటీ పెట్టిన్రు గదా. మా బిడ్డ తన బొమ్మను ఎత్తుకొని స్టేజీ ఎక్కింది. లంగా జారకుండ వెనుక నాలుగు పిన్నీసులు పెట్టిన. అయినా రైక భుజాల మీద నిలవలే. మైకు పట్టుకున్నాయన "ఏం బిడ్డా, మీ బొమ్మ వాళ్ళమ్మ బట్టలు తొడుక్కొచ్చిందా? ఇంట్ల అన్నం పెడ్తలేరా?" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. అదే ఇప్పటికీ గుచ్చుకుంటున్నది. కారులో కూసున్నంక పిల్ల అడిగింది, "అమ్మా, నా బొమ్మ తప్పు సైజా?"

సంఘం తెప్పించిన లంగా-రైక జతలన్నీ 18 అంగుళాల బొమ్మలకు, అంటే అమెరికన్ గర్ల్ అనే కంపెనీ పెద్దబొమ్మల కొలతకు. మా పిల్లది పద్నాలుగున్నర అంగుళాల సన్నబొమ్మ. అందుకే "14–15 అంగుళాలు" అని రాసి ఉన్నది చూసి వేరే జత ఆన్‌లైన్‌లో తెప్పించిన. తీరా చూస్తే అది పసిపాప బొమ్మలకు కుట్టింది. ఎత్తు అంతే, పొట్టలే గుమ్మడికాయలు. దారం పెట్టి కొలిస్తే మా బొమ్మ నడుము 7 అంగుళాలు, లంగా నడుము 10. ఎత్తు రాస్తరు గాని చుట్టుకొలత రాయరు. బార్బీలో కూడ 2016లో పొట్టిది, పొడుగుది, బొద్దుది అని మూడు కొత్త ఒళ్ళు వచ్చినయి. అప్పటినుంచి ఒకదాని గౌను ఇంకోదానికి పట్టుడు కష్టమే.

మనుషుల సంగతి మాత్రం ఏం మెరుగు? అమెరికా సర్కారు 1958లో ఆడోళ్ళ బట్టలకు ఒక కొలతల పట్టిక పెట్టి, 1983లో తీసేసింది. ఇగ ఎవరి అంకె వాళ్ళదే. నా బీరువాలో 2, 6, 8 నంబర్ల ప్యాంట్లున్నయి. మూడూ నాకు సరిపోతయి.

దేవరకొండ దిక్కు మా ఊర్లో బట్టలు కుట్టే మేర తాత ఉండె. ఆయనకు ఈ నంబర్లు తెల్వవు. "ఆది తెచ్చినవా?" అనేటోడు, అంతే. "పెరిగే పిల్ల, రెండేండ్లు రావాలె" అని మా అమ్మ పట్టుబడితే గుడ్డ లోపలికి మడిచి రెండు కుట్లేసేటోడు. ఏడాదికొక కుట్టు విప్పుకునేటోళ్ళం. మిషన్ కింద పడ్డ ముక్కలు ఏరుకొని నా గుడ్డబొమ్మ కోసం అడిగితే, దానికి గూడ ఆది కావాలన్నడు. బొమ్మను చేతిలోకి తీసుకొని, రెండు వేళ్ళ నడుమ దాని నడుము పట్టి చూసి కత్తెరేసిండు.

ఊరంత బంగారమని చెప్తలేను. అదే ఊర్లో నా పేరు "పుల్ల". నన్ను చూడవచ్చిన ఒకామె, ఒంట్లో కండ లేదని మా అమ్మ ముందటే అన్నది. మైకులో వినపడ్డది మా ఊరి మాటే, కాకుంటే స్పీకర్ పెద్దది.

కమిటీ కష్టం నాకు తెలుసు. అంతమంది పిల్లలకు ఒక్కొక్క బొమ్మను కొలిచి తెప్పించుడు అయ్యే పని కాదు. పైసలు మిగలాలె, పార్శిల్ టైముకు రావాలె. (బతుకమ్మకే ఎత్తు చూసి బహుమతి ఇచ్చేటోళ్ళం, బొమ్మ దగ్గర వేరే బుద్ధి ఎక్కడిది?) కాని అక్కలారా, అన్నలారా, వచ్చే ఏడు కుట్టిన జతలు తెప్పించకుర్రి. చీరకు సైజే లేదు గదా! ఇంట్ల పాత నూలు చీర చించుదాం. పద్నాలుగున్నర అంగుళాల బొమ్మకు నేను 10 అంగుళాల వెడల్పు, గజంపావు పొడుగు చించి కట్టి చూసిన, కుచ్చిళ్ళు మంచిగ వచ్చినయి. నారాయణపేట చిన్నగళ్ళయితే ముచ్చటగుంటది. పోచంపల్లి పెద్ద డిజైన్ వద్దు, ఒక్క పువ్వే బొమ్మను మింగుతది. గద్వాల అంచు మడత పడక అట్టలెక్క నిలబడుతది. ఒక బల్ల, రెండు టేపులు, నాలుగు కత్తెర్లు చాలు. కుట్టొచ్చిన అమ్మలు, అత్తమ్మలు ఇండియా నుంచి వచ్చి జిమ్ మూలకు ప్లేట్లు పట్టుకొని కూసుంటున్నరు, వాళ్ళను పిలువుర్రి.

మా అమ్మకు ఫోన్‌లో ఇదంత చెప్పిన. వచ్చే దసరాకు వస్తదట. రైక తానే కుట్టుకొస్తదట, ముందుగాల బొమ్మ ఆది పంపమన్నది.